ట్రక్కు కోసం ఇంటిల్లిపాదికీ తూకం

మా చిన్నతనంలో... ఆదివారం స్నానాలు కాగానే నాన్న మమ్మల్ని వరసగా నిలబెట్టి తూకం చూసేవాడు. అమ్మ, నేను, తమ్ముడు, చివర్లో తను. అప్పుడు అమెరికాలో, జార్జియాలోని కమ్మింగ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకప్పుడు పదేళ్ళు.

ఇదంతా ఒక ట్రైలర్ కోసం... లోపల మంచాలు, పొయ్యి, సింకు ఉండే చక్రాల ఇల్లు. నాన్న స్నేహితుడు అమ్ముతానన్నాడు. ఎక్కడికెళ్ళినా తన వంట తను చేసుకోవచ్చని అమ్మకి మహా సరదా.

దాన్ని లాగడానికి వెనక తొట్టి ఉండే పికప్ ట్రక్కు కావాలి కదా... షోరూమ్ అతను ఏ ట్రక్కు చూపించినా "ఇది దేన్నయినా లాగేస్తుంది" అనేవాడు. మా నాన్న వింటేగా. డ్రైవర్ వైపు తలుపు తెరిచి, అక్కడ అంటించిన కాగితం చదివేవాడు. లాగడం ఒక్కటే కాదట, ట్రక్కు మోసే బరువుకీ హద్దుంటుందట. మనుషులు, సామాను, వెనక ట్రైలర్ మోపే భారం... అన్నీ అందులోనే సరిపోవాలి.

తీరా నచ్చిన ట్రక్కుకి పదిహేను పౌండ్లు ఎక్కువయ్యాం.

"ఆ గ్రైండర్ వదిలెయ్యవే, సరిపోతుంది" అన్నాడు నాన్న.

"గ్రైండర్ లేకపోతే ఇడ్లీలెలా వస్తాయండీ... మీరే ఆ పొట్ట తగ్గించండి" అంది అమ్మ.

తర్వాతి వారం అమ్మే మూడు పౌండ్లు తగ్గింది. పై వారం ఇంకో రెండు... నాన్న నోట్‌బుక్‌లో తేదీ వేసి మరీ రాసుకునేవాడు. "చూశారా, ట్రక్కు కోసం మీ అమ్మ డైటింగ్ చేస్తోంది" అని మురిసిపోయేవాడు.

"డైటింగూ లేదు, పాడూ లేదు... తినబుద్ధి కావట్లేదు, అంతే" అంది అమ్మ ఒకసారి. నవ్వుతూనే అంది. మేమూ నవ్వేశాం.

లెక్క సరిపోయిన ఆదివారం నేనూ తమ్ముడూ చప్పట్లు కొట్టాం. ఆ వారమే ట్రక్కు కొన్నాం.

నెల తిరక్కుండానే అమ్మ వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. పరీక్షలన్నీ అయ్యాక కడుపులో క్యాన్సర్ అన్నారు. బరువు తగ్గడం ఎప్పట్నుంచి మొదలైందని డాక్టర్ అడిగింది. నాన్న కిందికెళ్ళి, ట్రక్కులోంచి నోట్‌బుక్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వారం వారం, తేదీలతో సహా అన్నీ ఉన్నాయి. ఆమె పేజీలు తిప్పి, ఇంత జాగ్రత్తగా ఎందుకు రాశారంది. నేనే చెప్పాను... ట్రక్కు కోసమని.

ట్రైలర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ ట్రక్కులో ఆసుపత్రికే తిరిగాం. మెట్టు ఎత్తుగా ఉండేది, అమ్మ ఎక్కలేకపోయేది. నాన్న ఎత్తుకుని సీట్లో కూర్చోబెట్టేవాడు. చలికాలం దాటకుండానే అమ్మ వెళ్ళిపోయింది.

ఇప్పటి ట్రక్కుల్లో ఎంత బరువెక్కిందో స్క్రీన్ మీదే కనిపిస్తుందట. ఎవర్నీ నిలబెట్టి తూచక్కర్లేదు. నాకూ ఇద్దరు పిల్లలు... ఒక్క పూట అన్నం వద్దన్నా ఎందుకని పదిసార్లు అడుగుతాను. అప్పుడు చిన్నపిల్లవి, నీకేం తెలుసు అంటారు అందరూ. నిజమే... కానీ చప్పట్లు కొట్టింది నేనే కదా.

మీ అమ్మ మామూలుగా అన్న మాటని మీరూ ఎప్పుడైనా ఇలా నవ్వేసి ఊరుకుని ఉంటే... కింద రాయండి. నేనొక్కదాన్నే కాదని తెలుసుకోవాలనుంది.