పగటిపూట వేసిన పరదా

అఫ్కే కుడి బొటనవేలి కీలుకు ఆపరేషన్ జరిగి, ముంజేతి దాకా కట్టు పడింది. ఇరుగుపొరుగు వంట చేసి పంపుతున్నారు, ఆమె చేసే చర్చి పని పాస్టర్‌గారు చూసుకుంటున్నారు. ఎటూ తోచనిది హెస్సెల్ విషయమే.

హెస్సెల్ అదే వీధి చివర ఉంటాడు. చెవులు పూర్తిగా పోయాయి. భార్య చనిపోయాక తాగుడుకు అలవాటుపడి, నానా అవస్థా పడి మానాడు. ఊళ్లో ఆ సంగతి అఫ్కేకు ఒక్కదానికే చెప్పుకున్నాడు. మనసు సీసా వైపు లాగినప్పుడల్లా ఫోన్లో ఆమెకు రాస్తాడు. ఆమె వెంటనే రెండు మాటలు రాస్తే ఆ గండం గడుస్తుంది. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటుంటే ఈలోగా అతను గ్లాసు నింపేస్తాడని ఆమె భయం.

అందుకే నోటితో చెప్పిన మాటను రాసిపెట్టే కీబోర్డు కోసం ఉదయమంతా ఫోన్లో వెతికింది. మొదటిది ఉచితమే. షరతులు ఓపిగ్గా చదివితే, ఆమె గొంతు కంపెనీ కంప్యూటర్లకు చేరుతుందనీ, పనితీరు మెరుగుపరచడానికి వాళ్ల మనుషులు వినవచ్చనీ చివర్లో ఉంది. హెస్సెల్ బాధ ఊరూపేరూ తెలియనివాళ్లు వినడమా అని తీసేసింది. రెండోది నెలనెలా తొమ్మిది యూరోలు అడిగింది. పైగా గొంతును అదీ బయటికే పంపుతుందట. డబ్బూ పోయి గుట్టూ పోయే ఈ బేరం ఎవరు చేస్తారని అఫ్కేకు ఒళ్లు మండింది.

మూడోదానికి ఒక్కసారి కడితే చాలు, మాట ఫోను దాటదు. కానీ అది పట్టేంత చోటు ఫోన్లో లేదు. చర్చి బృందగానం రికార్డింగులన్నీ ఉసూరుమంటూ చెరిపేసింది. తీరా పెట్టుకున్నాక చూస్తే, దానికి ఆ ఊరివాళ్లు మాట్లాడే ఫ్రీజియన్ రాదు, పట్నపు డచ్చే వచ్చు. ప్రార్థన కూడా ఫ్రీజియన్‌లోనే చేసుకునే మనిషి, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

అంతలో హెస్సెల్ రాశాడు: "ఈరోజు కష్టంగా ఉంది."

గట్టిగా జవాబు చెబితే వీధిలో పోయేవాళ్లు కిటికీలోంచి చూస్తారు, వింటారు. అఫ్కే లేచి కిటికీ మూసి పరదా వేసేసింది. పగలు పరదా వేస్తే ఆ ఇంట్లో ఎవరో పోయారని ఊరంతటికీ అర్థమన్న సంగతి ఆ విసుగులో గుర్తే రాలేదు.

సగం జవాబు చెప్పిందో లేదో తలుపు గంట మోగింది. పొరుగింటి బౌక్యె, చేతిలో సూప్ గిన్నె, కళ్లనిండా నీళ్లు.

"పోయిందెవరే? మీ అక్కేనా?"

"ఎవరూ పోలేదే. ఫోన్‌తో మాట్లాడుతున్నాను."

"ఫోన్‌తో మాట్లాడ్డానికి చావు పరదా వేస్తావా?"

వెనకే మరో ఇద్దరు కేకుతో వచ్చారు. కారణం చెప్పే వీల్లేదు, పొమ్మనడానికీ లేదు. వాళ్లు కాఫీ పెట్టి, ఆమె చేతికింద దిండు సర్దారు. అఫ్కే కళ్లు మాత్రం ఫోన్ మీదే ఉన్నాయి. జవాబు వెళ్లలేదు. అటునుంచి ఇంకో మాట రాలేదు. ఈపాటికి గ్లాసు నింపేసి ఉంటాడు. ప్రభువా, నువ్వే చూసుకో అని లోలోపల మొరపెట్టుకుంది.

తలుపు తోసుకుని హెస్సెల్ వచ్చాడు. శవయాత్రకు వేసుకునే నల్లకోటు, దువ్విన తల.

"బతికే ఉన్నావా?" తన గొంతు తనకు వినబడదు కనుక అరిచినట్టే అన్నాడు.

అతను దగ్గరికి వంగితే సబ్బు వాసన తప్ప మరేమీ రాలేదు. అఫ్కే గుండె కుదుటపడింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, ఒక్కో మాటా విడదీసి పలికి, తెర మీద పడిన అక్షరాలు అతనికి చూపించింది: "దయచేసి కూర్చోండి. కాఫీ సిద్ధంగా ఉంది."

అతను చదివి అఫ్కేను ఎగాదిగా చూశాడు. "ఏమిటే, పట్నం దొరసానిలా? నాతో ఎప్పట్నుంచీ ఇంత మర్యాద?"

ఆడవాళ్లు నవ్వారు. బౌక్యె అతనికి కప్పు నిండా కాఫీ పోసింది, ఏమీ అడగకుండా. అఫ్కే ఎడమచేత్తో పరదా తీసేసింది.