దీనమ్మ ఎకరం

దీనమ్మకి నోరెక్కువ. మొగల్తూరు పక్కన ఆ పేటలో ఎవరినడిగినా ముందు ఆ మాటే చెబుతారు, ఆ వెంటనే నవ్వేస్తారు. ఊడ్పుల ముఠాకి పెద్ద ఆవిడే. మడిలోకి దిగి నడుం వంచిందంటే చేతులతో పాటు నోరూ నడవాల్సిందే. టీ ఆలస్యంగా పంపిన రైతునీ, ముదిరిపోయిన నారునీ, మొహం చాటేసిన మబ్బునీ వరసపెట్టి ఉతికేస్తుంది. ప్రసంగం మరీ సాగదీస్తే పాస్టరు గారిని కూడా వదలదు. ఇంటి దగ్గర కూర మాడిపోతోందని చర్చి మెట్ల మీదే ఆయనకి చెప్పేసి చక్కా వచ్చేసింది ఒకసారి. ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు.

అలాంటి మనిషికి రెండే ప్రాణాలు. ఒకటి ఎకరం చేను, రెండోది మనవలు. ఆ రెండింటికీ పొత్తు కుదరకపోవడం వల్లే వచ్చింది చిక్కంతా.

మామగారికి మూడెకరాలుండేవి. ముగ్గురు కొడుకులకీ తలో ఎకరం వచ్చింది. బావగార్ల పిల్లలు మురుగు కాలవ అవతలున్న తమ ఎకరాలని రొయ్యల చెరువులకిచ్చేశారు. దీనమ్మది ఒక్కటే వరి చేనుగా మిగిలింది. భర్త పోయినా, పిల్లలు ఎదిగినా, ఆ ఇంట్లో తిండిగింజలు కొట్లో కొన్నది లేదు. కొడుకు శ్యాంబాబు ఆటో నడుపుతాడు. కూతురు తబితని పాలకొల్లు దగ్గర ఇచ్చారు. తను ఉండగానే పంచేస్తే రేపు గొడవలుండవని కిందటేడు దీనమ్మే పట్టుబట్టి ఎకరాన్ని ఇద్దరికీ చెరిసగం చేసింది.

పంచింది బాగానే ఉంది గానీ, పంచిన తీరే ఉంది చూశారూ! చేనుకి పడమర రోడ్డు, ఉత్తరాన బోదె. నీళ్ళన్నీ ఆ బోదెలోంచే రావాలి. కానీ కొలిచిన రోజున అందరి కళ్ళూ రోడ్డు మీదే ఉన్నాయి. రేపెప్పుడైనా ఇళ్ళ స్థలాలైతే ఇద్దరికీ రోడ్డు సమానంగా రావాలన్నారు. ఉత్తరపు ముక్క కొడుక్కి, దక్షిణపు ముక్క కూతురికి, మధ్యన కొత్త గట్టు. తాడు ఒక కొస పట్టుకున్నది దీనమ్మే. అన్న ముక్కలోంచి తప్ప చెల్లెలి ముక్కకి నీటి చుక్క వెళ్ళదన్న సంగతి ఆ నీళ్ళతో బతికినవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. రోడ్డు పిచ్చి అలాంటిది మరి.

ఆ ఏడాది శ్యాంబాబు గట్టుకి మడవ తీసి చెల్లెలి వైపు నీళ్ళు వదిలాడు గనక ఎవరికీ ఏమీ తెలియలేదు. ఈ ఏడు కోడలు కృపారాణికి మూడో కాన్పు అయింది. బంగారం లాంటి ఆడపిల్ల. దీనమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుంటే దింపదు. అయితే ఆ పెంకుటింట్లో ఉన్నది ఒక్కటే గది. చీర ఉయ్యాల పొయ్యి దగ్గర కట్టాల్సి వచ్చింది. పెద్ద పిల్లలిద్దరూ వసారాలో నాయనమ్మ కాళ్ళ దగ్గర ముడుచుకుని పడుకుంటున్నారు. తన ముక్కలో మట్టి తోలించి, మెరక చేసి ఇల్లు కట్టేస్తానన్నాడు శ్యాంబాబు. దీనమ్మ కూడా సంబరపడింది.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. మర్నాడు నారు పీకుతూ ఉంటే ఉన్నట్టుండి ఆ సంగతి తట్టింది. ఉత్తరపు ముక్క మెరకైపోతే తబిత మడికి నీళ్ళెక్కడివి? ఎండిన మడిని అది మాత్రం ఏం చేసుకుంటుంది? చెరువులవాడు ఇప్పటికే దానికి ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఇంక ఎకరం మొత్తానికీ నూకలు చెల్లినట్టే.

ఇంటికెళ్ళి కొడుక్కి చెప్పింది. శ్యాంబాబు వసారాలో ముడుచుకుని పడుకున్న పిల్లల వంక చూశాడు.

"నిజమేనమ్మా. మరి పిల్లల్నెక్కడ పడుకోబెట్టమంటావు?"

మర్నాడు మడిలో దీనమ్మ నోరు మెదపకపోతే ముఠాలో ఆడవాళ్ళు భయపడిపోయి, ఒంట్లో బాలేదేమోనని ఒకటికి నాలుగుసార్లు అడిగారు.

కొడుకు అడిగినదానికి జవాబు లేకపోలేదు. ఆవిడకీ తెలుసు. ఆ పెంకుటిల్లు పడగొట్టి, అదే స్థలంలో పిల్లర్లు లేపి మేడ కట్టుకుందామని కొడుకు ఎన్నేళ్ళుగానో బతిమాలుతున్నాడు. తను పోయాక పడగొట్టుకొమ్మని ప్రతిసారీ కసిరి పంపేది. ఆ ఇల్లు భర్త తన చేతుల్తో కట్టింది. దూలాలు భుజాన మోసుకొచ్చాడు. చివరి రోజుల్లో ఆ వసారాలోనే పడుకుని, ఆవిడ చెయ్యి పట్టుకునే కన్నుమూశాడు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా వాకిట్లో నిలబడి అంది.

"ఇల్లు పడగొట్టరా శ్యామూ. పైకి ఎన్ని అంతస్తులైనా లేపుకో. చేలో మాత్రం మట్టి పడ్డానికి వీల్లేదు."

పెంకులు దింపే రోజూ, తమ చేలో ఊడ్పులూ ఒక్కరోజే పడ్డాయి. దీనమ్మ ఇంటి దగ్గర ఉండలేక తెల్లారకుండానే చేనుకి వచ్చేసింది. పాలకొల్లు నుంచి బస్సు దిగిన తబిత ముందు ఇంటికి వెళ్ళి, మొండిగోడలు చూసి, ఏడ్చుకుంటూ చేను గట్టు మీదికి వచ్చింది.

"నాన్న కట్టిన ఇల్లు కదమ్మా. నా అరెకరం కోసం పడగొట్టించేశావేంటి?"

"ఇల్లు మళ్ళీ కట్టుకుంటామే. చేను ఎవడు కట్టిస్తాడే మనకి?" అనేసి, ఇంక ఆపుకోలేక, బురద చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చేసింది దీనమ్మ.

వెనకాలే శ్యాంబాబు వచ్చాడు. తలనిండా పెంకుల దుమ్ము. అమ్మనీ, చెల్లెల్నీ చూశాడు. పార తీసుకుని మడిలోకి దిగాడు. మడవ తీస్తాడనుకుంది తబిత. అతను మడవ దగ్గర ఆగలేదు. మధ్య గట్టుని ఆ కొస నుంచి ఈ కొస దాకా తవ్వి బురదలో కలిపేశాడు. ఎవరిది ఎక్కడి దాకానో రేపెలా తెలుస్తుందని చెల్లెలు అడిగితే, తెలియాల్సిన పనేముందన్నాడు.

నీళ్ళు దక్షిణానికి మళ్ళాయి. దీనమ్మ కళ్ళు తుడుచుకుని, నారు కట్ట విప్పి, గట్టు ఉన్న చోటే మొదటి కుదురు నాటింది.