బట్టలో చుట్టుకున్న కాగితం

మా చిన్న తోడికోడలు నేస్తున్నంతసేపూ పెదవులు కదిలించేది. తిరుత్తణిలో మా ఇంట్లో రెండు మగ్గాలు, ఒకటి ఆమెది. ఆ మగ్గం పని తగ్గకూడదన్న షరతు మీదే మా అత్త ఆమెను తిరువళ్ళూరులో తెలుగు మీడియం టీచరు ట్రైనింగుకు పంపింది. తెల్లవారకముందే నేసి, పగలంతా చదివి, సాయంత్రం రైలు దిగి మళ్ళీ మగ్గం గుంటలో కూర్చునేది. ఇంత కష్టం ఉత్త చదువు కోసమేనా అని నాకు అనుమానం.

ఒకరోజు నేత ముగిసిన చీరను మగ్గం నుంచి విప్పుతుంటే, చుట్టలోంచి రాసిన కాగితం ఒకటి పడింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు.

"ఇదెవురు రాసిందిమే?"

"పాఠం అక్కా. నేసిన బట్ట మీద పెట్టుకోని చదువుతా ఉంటి. బట్టతో పాటు చుట్టుకోని పోయినట్టుండాది."

"ఎవుడో మొగోడి జాబని అత్తకి చెప్తే, రేపట్నించి నీకు రైలు లేదు."

"ఎవురితోనన్నా చదివించుకో."

"వాళ్ళూ నీ పక్కే మాట్లాడితే?"

ఆమె కాగితం మడిచి నా చేతిలోనే పెట్టింది. "అట్లయితే నేను నేర్పిస్తా, నువ్వే చదువు. అందాక అత్తకి చెప్పొద్దు."

సరేనన్నాను. నూలు కండెలు చుడుతూ నేర్చుకున్నాను. తప్పుడు అక్షరాలు నేర్పుతోందేమోనని ఒక్కొక్కటీ గోడ మీది తెలుగు క్యాలెండరులో వెతికి, కనిపిస్తేనే నమ్మేదాన్ని. కాగితం మొత్తం చదవగలిగేసరికి రెండేళ్ళు పట్టింది. చిన్నపిల్లలకు కూడిక ఎలా నేర్పాలో అందులో రాసి ఉంది, అంతే. అప్పటికి ఆమె పరీక్షలన్నీ అయిపోయాయి.

రెండేళ్ళు పట్టింది నా మందబుద్ధి వల్లనా, లేక ఆమె కావాలనే నెమ్మదిగా నేర్పిందా అన్న అనుమానం మాత్రం నాకింకా తీరలేదు.