బకెట్టు నీళ్ళ దగ్గర ఆగిన పరీక్ష

ఏలూరులో ఒక మేడమీద గదికి స్కూబా డైవింగ్ శిక్షణ కేంద్రమని బోర్డు తగిలించిన కిరణ్ అనే పెద్దమనిషి నాకూ, నాతోపాటు మరో పదకొండు మందికీ ఒక్క పూటలో డైవర్ కార్డులు చేతిలో పెట్టాడు. అది తప్పు, చేసింది ఆయన. నడుంలోతు ఈతకొలనులో వీపుకి సిలిండరు తగిలించి, ఫోటో తీసి, భోజనాలయ్యాక కార్డులు పంచాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆ కార్డు నెల్లాళ్ళు చొక్కా జేబులో పెట్టుకు తిరిగాను. డైవింగ్ మీద దొరికిన కరపత్రాలన్నీ చదివాను కాబట్టి నాకు తెలీనిది లేదనుకున్నాను. అలాంటి రోజుల్లో ఒక మాట విన్నాను. నౌకాదళంలో డైవరుగా చేసి రిటైరైన సింహాచలం మాస్టారు విశాఖ నుంచి ఏడాదికోసారి భీమడోలు వచ్చి, శిక్షకులు అవ్వాలనుకునేవాళ్ళకి పరీక్ష పెడతారట, వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఫెయిల్ చేస్తారట. నాకు ఒళ్ళు మండింది. పల్లెటూరివాళ్ళ దారికి అడ్డం పడటానికి ఈయనెవరో అడిగి తేల్చుకుందామని బయల్దేరాను.

తాడేపల్లిగూడెంలో ఆరుంపావుకి పాసింజరు ఎక్కితే భీమడోలులో ఏడు దాటాక దిగాను. టికెట్ పది రూపాయలు. పూళ్ళ స్టేషను దాటిన దగ్గర్నుంచి కుడి పక్క కూర్చుంటే ఎండ తగులుతుంది, ఎడం పక్క కూర్చోండి. స్టేషను బయట ఆటోవాడు అరవై అడిగాడు, యాభైకి ఒప్పుకున్నాడు. ఎక్కడికో చెప్పగానే వెనక్కి తిరిగి చూసి, "జోసెఫ్ గారి పరీక్షకాండి? ఇది మూడోసారండి," అన్నాడు. మిగతా కథ దారి పొడుగునా చెప్పాడు. జోసెఫ్ కొల్లేటి లంక ఊరి మనిషి, చేపల చెరువుల్లో తూములు సరిచేసే పని. వాళ్ళ ఊరి దగ్గర ట్రాక్టరు కాలవలో పడిన రోజున డైవర్లు విశాఖ నుంచి వచ్చేసరికి మర్నాడయిందట. అప్పటికి బతికించడానికి ఎవరూ మిగల్లేదు. అందుకని జోసెఫ్ తను డైవరయ్యాడు. ఊళ్ళో ఎనిమిది మంది నేర్చుకోడానికి సిద్ధంగా ఉన్నారు, కానీ నేర్పే అర్హత రావాలంటే మాస్టారి సంతకం కావాలి. వానలు పడేలోపు అది జరగాలి.

పరీక్ష జరిగే చోటు రైలు కట్టకి మట్టి తీసిన గుంట. ఇరవై అడుగుల లోతు, నీళ్ళు చిక్కటి టీ రంగు. నేను వెళ్ళేసరికి మాస్టారు జోసెఫ్‌ని కాక, జోసెఫ్ భార్య సువార్తమ్మ గారిని పరీక్షిస్తున్నారు. లోపలికి దిగేవాడి నడుముకి కట్టిన తాడు ఒడ్డున ఆవిడ పట్టుకుంటుంది. ఒక లాగు అంటే ఏమిటి, మూడు లాగులు అంటే ఏమిటి అని అరగంట అడిగారు. తాడు పట్టేవాళ్ళు పాసయితేనే దిగేవాళ్ళకి పరీక్ష. తర్వాత జోసెఫ్ ముఖానికి పెట్టుకునే అద్దం మీద నల్లగుడ్డ చుట్టి, సిలిండరూ గొట్టాలూ విడివిడిగా ముందు పోసి బిగించమన్నారు. జోసెఫ్ వేళ్ళు అన్నం కలిపినంత తేలిగ్గా వాటిని వెతుక్కుని కలిపాయి. విప్పించారు, మళ్ళీ బిగించమన్నారు. ఏడుసార్లు. ఎనిమిదోసారి గుంట అడుగున. పైకి వస్తున్న బుడగలనే చూస్తూ నేను మాస్టారితో పెట్టుకుందామనుకున్న తగాదా మర్చిపోయాను. ఆటోవాడు కూడా కిరాయికి వెళ్ళకుండా నిలబడిపోయాడు.

ఇక మిగిలింది ఒకటే. కొత్తవాణ్ణి ఒకణ్ణి లోపలికి తీసుకెళ్ళి, నేర్పి, క్షేమంగా తీసుకురావాలి. రావలసినతనికి పచ్చకామెర్లట, కబురొచ్చింది. మాస్టారికి మధ్యాహ్నం రైలు. నేను కార్డు తీసి ముందుకొచ్చాను. నా వల్ల ఒక మనిషి గెలుస్తాడని ఛాతీ ఉబ్బింది కూడా. జోసెఫ్ కార్డు చదివి దండం పెట్టినట్టే తిరిగిచ్చి, సిలిండరు బిగించుకోమన్నాడు. బిగించాను. పీల్చి చూస్తూ గాలి మీటరు ముల్లు గమనించమన్నాడు. పీల్చినప్పుడల్లా ముల్లు పడి లేస్తోంది. మీటరు పాడయిందన్నాను.

"మీటరు బాగానే ఉందండి. మీరు వాల్వు సగమే తిప్పారండి," అన్నాడు. పైన సరిపోయే గాలి లోతులో సరిపోదట. నా కరపత్రాల్లో ఆ సంగతి లేదు.

తర్వాత ఒక ప్లాస్టిక్ బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి ముందు పెట్టాడు. అద్దం లేకుండా ముఖం ముంచి, నోట్లో గొట్టంతో నిమిషం పాటు గాలి పీల్చాలి. మూడో ఊపిరికి ముక్కులోకి నీళ్ళెక్కి, ఊపిరి బిగపట్టి ఎగిరి పైకి లేచాను. సువార్తమ్మ గారు తువ్వాలు అందిస్తూ, "కార్డు తడవలేదు కదా బాబూ?" అంది.

లోతులో అలా ఊపిరి బిగపట్టి పైకొస్తే ఊపిరితిత్తులు పగులుతాయని నేను చదివాను. చదివి కూడా అదే చేశాను. అయినా మొండికేశాను. మళ్ళీ ప్రయత్నిస్తాను, దింపండి, లేకపోతే మీ ఏడాది పోతుంది అన్నాను. జోసెఫ్ ఒక్క క్షణం గుంట వైపు చూశాడు. తర్వాత మాస్టారి వైపు తిరిగి, "ఈయన్ని నేను దింపనండి," అన్నాడు.

ఇప్పుడు మాస్టారు లేచి భుజం తడతారనుకున్నాను. ఆయన చత్వారం కళ్ళజోడు పెట్టుకున్నారు. "దింపకపోవడం సరైన పనే జోసెఫూ. కానీ నువ్వు నీళ్ళలో నేర్పడం నేను చూళ్ళేదు. చూడనిదానికి సంతకం పెట్టలేను."

నేను గొంతు పెంచాను. న్యాయమా ఇది అన్నాను. జోసెఫ్ నా చెయ్యి పట్టుకుని, "ఊరుకోండి. రేపు నా సంతకాన్ని నమ్మి ఎనిమిది మంది దిగుతారండి," అన్నాడు. మాస్టారు డైరీ తిరగేసి, వానలకి ముందు ఇంకోసారి వస్తానని, అప్పటికి కొత్తవాణ్ణి తయారుచేసి ఉంచమని చెప్పారు. ఆ కొత్తవాణ్ణి నేనే. సోమవారం నుంచి రోజూ ఆరింటికి బకెట్టు ముందు కూర్చుంటున్నాను. నిన్నటికి నలభై సెకన్లు.

ఆ రోజు సువార్తమ్మ గారు పెట్టిన కొరమేను పులుసు తిని వచ్చాను. కఠినంగా ఉండటమంటే దయ లేకపోవడమని అన్నాళ్ళూ అనుకున్నాను. ఆ గుంట ఒడ్డున ఇద్దరు మనుషులు తమకి నష్టమైనా చూడనిది చూశామనలేదు, రానిది వచ్చిందనలేదు. అంత పెద్ద పని నేను ఏ సభలోనూ చూడలేదు. డైవింగ్ నేర్చుకోడానికి ఎక్కడికి వెళ్ళినా ఒక్కటి అడగండి: మీరు ఎవరినైనా ఫెయిల్ చేశారా, దేనికి? జవాబు రాకపోతే మెట్లు దిగి వచ్చేయండి.

కిరణ్ దగ్గర కార్డు తీసుకున్న పదకొండు మందికీ ఇదే పిలుపు. వచ్చే శనివారం ఉదయం సరిగ్గా ఏడు గంటలకి ఏలూరు పాత బస్టాండు దగ్గర కలుద్దాం. డబ్బు వెనక్కి అడగం. అందరం ఆయన గదికి వెళ్ళి, నోట్లో గొట్టం పెట్టుకుని వరసగా ముఖాలు ముంచుదాం, ముందు నేను, ఆఖర్న ఆయన. నిమిషం ఉండలేనివాళ్ళు కార్డు ఆయన బల్ల మీదే వదిలేసి రావాలి. జోసెఫ్ గారు కూడా వస్తానన్నారు, ఒక షరతు మీద: "నినాదాలొద్దండి. తలా ఒక బకెట్టు తెచ్చుకోమనండి, చాలు."