లీవర్ రైఫిల్‌కి నేనిచ్చిన గుండ్లు

1980లో మా ఆయన్ని కార్ల కంపెనీ లేఆఫ్ చేసింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంట్ నుంచి అరగంట దూరంలో ఉన్న ఒక హార్డ్‌వేర్ షాపులో నాకు పని దొరికింది. వెనకవైపు వేటసామాను కౌంటర్లో వేశారు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని. నాకు పని నేర్పిన ఆవిడ హైస్కూలు కూడా పూర్తిచేయలేదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచీ ఆవిడ మాటలు నేను సగమే విన్నాను.

ఆవిడకి అరవై ఏళ్లుంటాయి. పన్నెండేళ్లుగా ఆ కౌంటర్ ఆవిడదే. కాల్చేసిన తూటాల తొడుగుల్లో ఇంట్లోనే మళ్లీ మందు నింపి, కొత్త గుండు బిగించుకునేవాళ్లు ఆవిడ కోసమే వచ్చేవారు. ఊళ్లో ఒకాయన సీసంతో పోతపోసిన గుండ్లు మా దగ్గర అమ్మకానికి పెట్టేవాడు. ఆవిడ నాకు మొదట చెప్పింది, కిందున్న మీట లాగి తూటా ఎక్కించే లీవర్ రైఫిల్ గురించే.

"అందులో తూటాలు బ్యారెల్ కిందున్న గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి హనీ. వెనకదాని మొన ముందుదాని అడుగుకి ఆనుతుంది. నిప్పు పుట్టించే ప్రైమర్ ఉండేది అక్కడే. మొన సూదిగా ఉంటే, కాల్చినప్పటి కుదుపుకి గొట్టంలోనే పేలొచ్చు. ఆ గొట్టం కిందే మనిషి చెయ్యి ఉంటుంది. లీవర్ గన్ అన్నారంటే ముక్కు చదునుగా ఉన్న గుండే ఇవ్వు. గుర్తుంటుందా?"

"ఉంటుంది" అన్నాను, కిటికీలోంచి బయటికి చూస్తూ.

అక్టోబరులో, జింకల వేట మొదలవడానికి ముందు, ఒక ముసలాయన వచ్చాడు. ఆవిడ లంచ్‌కి వెళ్లింది.

"నాది పాత లీవర్ గన్. కాల్చినప్పుడల్లా బ్యారెల్ లోపల సీసం అంటుకుపోతోంది. ఏ గుండ్లు తీసుకోమంటారు?"

నా చదువు బయటపెట్టే అవకాశం వచ్చింది. సీసంలో యాంటిమొనీ కలిస్తే ఎందుకు గట్టిపడుతుందో, తగరం ఏం చేస్తుందో పది నిమిషాలు చెప్పాను. అన్నిటికంటే గట్టివి ఉన్న పెట్టె తీసి ఇచ్చాను. గుండ్లు నున్నగా, మొనదేలి, చూడముచ్చటగా ఉన్నాయి.

"బాగా చదువుకున్నట్టున్నారు" అన్నాడాయన. ఆ మాట ఇంటికెళ్లేదాకా తల్చుకుంటూనే ఉన్నాను.

మూడు రోజుల తర్వాత ఆయన మళ్లీ వచ్చాడు. ఇరవై తూటాలు తయారుచేసుకున్నాడట. రెండోది గొట్టంలోకి నెట్టబోతుంటే మొన వేలికి గుచ్చుకుని, అప్పుడు చూసుకున్నాడట. ఒక తూటా తీసి కౌంటర్ మీద నిలబెట్టాడు.

"ఇది నా తుపాకీలో పెట్టేదేనా?"

షాపు యజమాని వచ్చాడు. తూటా చూడగానే మొహం మారిపోయింది. "ఎవరిచ్చారు?"

ముసలాయన నావైపు చూశాడు.

"ఆవిడే ఇవ్వమన్నారు" అన్నాను.

ఆవిడ నాలుగడుగుల దూరంలో ధర చీటీలు అంటిస్తోంది. చెయ్యి ఆపి నన్ను చూసింది. నేను కళ్లు దించుకున్నాను. మా ఇంట్లో నా జీతం ఒక్కటేనని ఆవిడకి తెలుసు.

"నేనే సరిగ్గా చెప్పి ఉండను" అంది.

సోమవారం నుంచి ఆవిడని పెయింట్ సెక్షన్‌కి మార్చారు. కౌంటర్ నాకిచ్చారు. అన్నం తింటూ చెబితే మా ఆయన పొంగిపోయారు.

"అప్పుడే మొత్తం నీ చేతికిచ్చేశారా! చూశావా, చదువంటే అదీ!"

"ఇంకాస్త కూర వేసుకోండి" అన్నాను.

నాకు కౌంటర్ వచ్చింది కానీ పని రాలేదు. ఎవరైనా గట్టిగా అడిగితే పెయింట్ డబ్బాల మధ్యకి వెళ్లి ఆవిడనే అడిగేదాన్ని. ఆవిడ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. బ్యారెల్‌కి సీసం ఎందుకు అంటుకుంటుందని ఒకరోజు అడిగాను.

"గుండు వదులుగా ఉంటే అంటుకుంటుంది. బ్యారెల్ కొలత కంటే వెంట్రుకవాసి లావుండాలి. మరీ గట్టిదైతే బ్యారెల్‌ని సరిగ్గా పట్టుకోదు కూడా" అంది చేతులు తుడుచుకుంటూ.

అంటే ఆ రోజు నేను చెప్పిన పాఠం కూడా తప్పే.

వసంతంలో మా ఆయనకి వేరే రాష్ట్రంలో, పిస్కాటవేలో ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు పార్కింగ్ లాట్‌లో ఆవిడకి సారీ చెప్పాను.

"నాకెందుకు? జరిగింది నాకు తెలుసు కదా. యజమానికి చెప్పు" అంది.

లోపలికి వెళ్లాను. యజమాని ఫోన్లో ఉన్నాడు. రిసీవర్ చేత్తో మూసి, "ఏమన్నా చెప్పాలా?" అన్నాడు.

"ఏం లేదు. థాంక్స్ చెబుదామని."

ఆయన నాకు చెయ్యి ఊపాడు. వచ్చేశాను.

యజమానికి ఉత్తరం రాయడానికి రెండేళ్లు పట్టింది. జరిగింది జరిగినట్టు రాశాను. ఆయన జవాబిచ్చాడు: ఆవిడ పెయింట్ సెక్షన్‌లోనే రిటైరైందట. నేను వెళ్లిపోయాక కూడా, కౌంటర్ వెనక్కిస్తానని ఆవిడతో అనాలని తనకి ఎప్పుడూ తోచలేదట, అందుకు సిగ్గుగా ఉందట.

ఆ జవాబు మా ఆయనకిచ్చాను. రెండుసార్లు చదివారు.

"అప్పుడే నాతో చెప్పాల్సింది" అన్నారు.

ఆవిడ అడ్రస్ కోసం షాపుకి మళ్లీ రాశాను. జవాబు రాలేదు.