బెల్లం పెనం పొంగితే

చోడవరం చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లలో దాసుది పేరున్న చెయ్యి. ముప్పై ఏళ్లుగా అతను వాసన చూసి దించమంటే పెనం దించాల్సిందే. అంతటి మనిషి వారం రోజులుగా ఫోన్‌లోని ఓ ఆటలో ఒక్క దిమ్మ బెల్లం తియ్యలేక నానా తంటాలూ పడుతున్నాడు.

ఆ ఆట చేసింది అతని కూతురు గౌతమి. విశాఖలో ఉద్యోగం మానుకుని ఏడాదిగా దాని మీదే కూర్చుంది. ఎంత ముచ్చటగా ఉంటుందో చెప్పలేం. అందులో చెరుకాకుల గలగల వాళ్ల మడిలో రికార్డు చేసిందే. చెరుకు నాటాలి, నీరు పెట్టాలి, కొట్టాలి, రసం తియ్యాలి. పావుగంట పని. తీరా పెనం మీద రసం పొంగినప్పుడు రెప్పపాటులో వేలు నొక్కకపోతే అంతా నేలపాలే, మళ్లీ నాట్ల దగ్గర్నుంచి మొదలు. దాసువి కాయలు కాసిన వేళ్లు. ఆ రెప్పపాటు వాటికి ఒక్కసారీ అందలేదు.

"ఎలాగుంది నాన్నా?" అని రోజూ ఫోన్ చేసేది.

"బావుందమ్మా," అనేవాడు. కన్నకూతురి కష్టానికి వంక పెట్టడానికి నోరెలా వస్తుంది?

శనివారం గౌతమి ఇంటికొచ్చింది. సోమవారం ఆటను జనంలోకి వదిలేస్తానంది. దాసు గుండెల్లో రాయి పడింది. తనైతే మొహమాటపడ్డాడు, ఊరూపేరూ తెలియనివాళ్లు పడతారా?

"కోప్పడకమ్మా. పొంగినప్పుడు నూనె ఎక్కడెయ్యాలి?"

"నూనేటి నాన్నా?"

"పెనం పొంగితే రెండు సుక్కలు నూనేస్తాం, నురగ దిగిపోద్ది. పాకం మాడితే నల్లబెల్లవని తక్కువకి అమ్ముకుంటాం. అంతేగానీ పొంగిందని ఎవుడూ మళ్లీ సెరుకు నాటడానికి ఎల్డు. నీ ఆటలో తప్పు సేసినోడికి దిద్దుకునే దారే లేదమ్మా."

గౌతమి మొహం చిన్నబోయింది. అనకుండా ఉండాల్సిందని దాసు నాలుక కరుచుకున్నాడు.

"ఆడి చూడమని పద్నాలుగు మందికిచ్చేను నాన్నా," అంది. "అందరూ సూపర్ అన్నారు. ఒక్కరూ పూర్తి చెయ్యలేదు. సోమవారం వదల్ను. ఆ నూనె ఎప్పుడేస్తారో రేపు పెనం దగ్గర నాకు చూపించు."

దాసుకి ప్రాణం లేచొచ్చింది, వెనకాలే సిగ్గూ వచ్చింది. "వారం రోజులు నేనూ బావుందనే సెప్పేను కదమ్మా."

"తెలుసు. ఎవరెన్నిసార్లు ఓడిపోయేరో నాకు కనిపిస్తాది," అంది గౌతమి. "మిగతావాళ్లు మూడోసారికే మానేసేరు. నువ్వు నలభై ఒక్కసార్లు మళ్లీ నాటేవు."