నాయన కడుపు మీది వాత

నా చిన్నప్పుడు మా అవ్వ కుదురుగా కూర్చోలేకపోయిన రోజు ఒకటుంది. మామూలుగా చెనక్కాయల చాట ముందు కూర్చుంటే అవి ఒలిచేదాకా లేచే మనిషి కాదు. ఆ రోజు వాకిట్లోకీ పెరట్లోకీ తిరుగుతూనే ఉంది, అన్నం ముట్టలేదు. ఏమైందవ్వా అంటే "నీకెందుకే, పో ఈడ్నుంచి" అని కసిరింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మా నాయన కంబదూరు దగ్గరి పల్లెలో బడి అయ్యవారు. వానల్లేక చేలన్నీ బీళ్లుపడిన ఊరు మాది. తనకేమైనా అయితే మా అమ్మ నలుగురు పిల్లలతో ఎట్లా బతుకుతుందని ఆయనకు ఒకటే దిగులు. అందుకే జీవిత బీమా చేయించుకోవాలనుకున్నాడు. అవ్వ అట్లా తిరిగిన రోజుకు మర్నాడే అనంతపురంలో డాక్టరు పరీక్ష. ఆ పొద్దున ఇంటికొచ్చిన బీమా ఏజెంటు, చొక్కా లేకుండా ఉన్న నాయన కడుపు మీది వాత చూసి అదేమని అడిగాడు. చిన్నప్పుడు పొయ్యి మీద పడ్డానని, అవ్వ తనకు చెప్పిందే నాయన చెప్పాడు. "జబ్బులన్నీ గుర్తు చేసుకోని పోండి సార్. ఏదన్నా దాస్తే రేపు మీ ఇంట్లోవాళ్లకు దుడ్లు రావు" అని చెప్పి ఏజెంటు వెళ్లిపోయాడు. ఆ మాట లోపలున్న అవ్వ చెవిన పడింది.

దీపాలు పెట్టే వేళకు అవ్వ ఇక ఆగలేకపోయింది.

"అది పొయ్యి మీద పడింది కాదురా. నీకు మూర్ఛలొస్తాండె. అవి పోతాయని నేనే వాత పెట్టిస్తి. నీకు ఐదేండ్లు వచ్చేసరికి నిలిచిపాయ." మా అమ్మ వైపు తిరిగి బావురుమంది. "పిల్లనియ్యరని మీవాళ్లకు చెప్పకపోతి. నీ గొంతు కోసినా తల్లీ!"

మా అమ్మ సంగటి కెలకడం ఆపలేదు. "పెండ్లయిన ఏడాదే పక్కింటక్క నాకు చెప్పె అత్తా. లే, వచ్చి సంగటి తిను."

"ఓసి నీ ఇల్లు బంగారం గాను! ఇన్నేండ్లూ నేను నిప్పుల మీద ఉంటి గదే!" అని అవ్వ ఏడుస్తూనే కోప్పడింది.

నాయన డాక్టరుకు అంతా చెప్పాడు. ఆ తర్వాత మూర్ఛలు మళ్లీ రాలేదు కదా అని డాక్టరు గుచ్చి గుచ్చి అడిగి రాసుకున్నాడట. బీమావాళ్ల కబురు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ మనసు నిలవలేదు. చివరికి బీమా ఇచ్చారు, ఏటా కట్టే కంతు కొంచెం ఎక్కువ వేశారు.

నాకు ఆశ్చర్యం అది కాదు. మా అమ్మా అవ్వా పోట్లాడుకోని రోజు ఉండేది కాదు. నీళ్ల బిందె దగ్గర, ఉప్పు దగ్గర, అన్నిటికీ రచ్చే. అంత కోపంలో కూడా మా అమ్మ ఆ ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే అవ్వ ఆ పూటే కూలిపోయేది.

ఇప్పుడు నేనూ అత్తనే. నా కోడలి పుట్టింటి సంగతి ఒకటి నాకు తెలుసు. తెలుసని ఆ పిల్లకు తెలియదు. కోపమొచ్చినప్పుడల్లా అది నాలుక చివరిదాకా వస్తుంది. లేచి వంటింట్లోకి పోయి, తిందువు గాని రమ్మని ఆమెను పిలుస్తాను.